మార్కులు వేసేవాళ్లూ ఒకసారి టీ పెట్టండి

మొన్న ఆదివారం మా ఇంట్లో మూడు రకాల టీ రుచి చూశాం. అస్సాం పొడిని పాలల్లో మరిగించాను. డార్జిలింగ్ ఆకు మీద వేణ్ణీళ్లు పోసి మూడు నిమిషాలు మూతపెట్టాను. గ్రీన్ టీకి నీళ్లు కాస్త చల్లారనిచ్చాను. మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. మూడూ ఒకే జాతి మొక్క ఆకులే, కానీ దేని పద్ధతి దానిది.

మావారూ పిల్లలూ చప్పరించి తీర్పులిచ్చేశారు: ఇది వగరు, ఇది చప్పన. ఇన్ని తేడాలు కనిపెట్టినవాళ్లకి, నేను రోజూ చల్లారిన టీయే తాగుతానని ఇన్నేళ్లలో తెలియలేదు!

రుచి చెప్పడం గొప్ప విద్యా, టీ పెట్టడం ఉత్త చాకిరీనా? నేనొప్పుకోను. పెట్టడం తెలిసినవాళ్లే మార్కులు వేయాలి. వచ్చే ఆదివారం పొయ్యి దగ్గర మీరు, కుర్చీలో నేను.