పన్నెండో నెలకి నడవని పిల్లలు

నర్సింగ్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే లోకంలోని పసిపిల్లలంతా ఒకే వయసుకి ఒకే పని చేసేస్తుంటారు. మూడో నెలకి మెడ నిలుపుతారు, ఎనిమిదో నెలకి ఆసరా లేకుండా కూర్చుంటారు, తొమ్మిదికి పాకుతారు, పన్నెండు నిండేసరికి నడిచేస్తారు. గైడులో అలాగే ఉంటుంది, జవాబు పత్రంలోనూ అలాగే దిగుతుంది, మార్కులూ పడతాయి. చైల్డ్ హెల్త్ నర్సింగ్ పేపరులో ఎదుగుదల, వికాసం మీద ప్రశ్న తప్పకుండా వస్తుందని అందరికీ ధీమా. హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా ఆ పట్టిక అప్పచెప్పేవాళ్లు దొరుకుతారు.

ఆ పట్టికతో నాకున్న పేచీ ఒకటే. అందులో ఒక్కో పనికి ఒక్కో నెల ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని వెంట ఉండి చూసినప్పుడు, నూటికి బొత్తిగా ముందున్న ఒకర్నీ వెనకున్న ఒకర్నీ పక్కన పెడితే, సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలైంది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య. నూటికి నలుగురు పిల్లలైతే మోకాళ్ల మీద పాకడమన్న మాటే లేకుండా నేరుగా లేచి నిలబడ్డారు. 'పన్నెండు' అని మాత్రమే గుర్తున్న నర్సు పదమూడో నెల బిడ్డ తల్లిని అనవసరంగా బెదరగొడుతుంది. పంతొమ్మిదో నెల వచ్చినా నడవని బిడ్డ తల్లి "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడంట సిస్టర్" అంటే సరేనని పంపేస్తుంది. రెండూ తప్పే, రెండోది పెద్ద తప్పు.

ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినరుగా కూర్చున్నప్పుడు నేను మొదట అడిగేది చిన్న పని. "ఈ బాబు పొడవెంతో కొలిచి చెప్పమ్మా." ఎరిక్సన్ చెప్పిన మనోవికాస దశలు ఎనిమిదింటినీ గుక్క తిప్పుకోకుండా చెప్పిన అమ్మాయే జేబులోంచి టేపు తీస్తుంది. బిడ్డ పక్కన మంచం మీద పరుస్తుంది. వాడు కాళ్లు ముడుచుకుంటాడు. ఒక కాలు లాగితే రెండోది ముడుస్తాడు. చివరికి మోకాలి దాకా కొలిచి, మిగతాది కళ్లతో కలుపుకుని, ఒక అంకె చెప్పేస్తుంది. పొడవు కొలిచే పలక, అదే ఇన్‌ఫాంటోమీటర్, ఆ గదిలోనే అలమారా మీద ఫైళ్ల కింద పడి ఉంటుంది.

ఆ అమ్మాయిని తప్పుపట్టను. రెండేళ్ల లోపు బిడ్డని పడుకోబెట్టే కొలవాలి, అది ఇద్దరు మనుషులు చేయాల్సిన పని. ఒకరు తలని పైచెక్కకి ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్లు మెల్లగా అదిమి, అరికాళ్లకి నిటారుగా తగిలేలా కింది పలకని జరపాలి. తల్లి వాడికి కనబడేలా తలవైపు వంగి మాట్లాడుతుంటే సగం ఏడుపు అక్కడే ఆగిపోతుంది. అదే బిడ్డని నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది, ఆ తేడా లెక్కలోకి తీసుకోవాలి. ఇదంతా చేతికి అలవాటు కావాల్సిన పని. పది మార్కుల ప్రశ్నగా అడగడానికి కుదరదు కనుక ఎవరూ అడగరు, అడగరు కనుక ఎవరూ నేర్చుకోరు.

నేర్చుకోకపోతే ఏం కొంప మునుగుతుందంటారా? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంతకు ముందు సర్వేలో తెలంగాణ అంకె 28 దగ్గరే ఉండేది. ఈ పిల్లలు చూడటానికి జబ్బు మనుషుల్లా ఉండరు. ఎత్తుకి సరిపడా బరువుంటారు, కొందరు బొద్దుగానూ ఉంటారు. నాలుగేళ్ల పిల్ల మూడేళ్ల పిల్లలా కనిపిస్తుంది, అంతే. తూకం ఒక్కటీ చూస్తే ఈ సంగతి బయటపడదు. అడిగితే ఇంట్లోవాళ్లు "మా వంశమే పొట్టి వంశమండీ" అంటారు.

వంశం మాట తేల్చడానికే అన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచింది. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. తల్లిపాలు తాగినవాళ్లు, పొగతాగని తల్లుల బిడ్డలు, వైద్యానికి కొరత లేని ఇళ్లవాళ్లు. వాళ్లలో కొంతమందిని పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా 21 సార్లు ఇంటికెళ్లి చూశారు. అలాంటి ఇళ్లలో ఢిల్లీ బిడ్డకీ ఓస్లో బిడ్డకీ పొడవులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2006లో వచ్చిన ఎదుగుదల గీతలు ఆ పిల్లలవే, మన మాతా శిశు సంరక్షణ కార్డులో ఉన్నవీ అవే. ఐదేళ్ల లోపు ఇంతమంది పొట్టిగా ఉన్నారంటే వంశాన్ని తలుచుకునే ముందు తిండినీ, నీళ్లనీ, పదేపదే వచ్చే విరేచనాలనీ అడగాలి.

బరువు సంగతికొస్తే, దాన్నైనా సరిగ్గా చూస్తున్నామా? తొమ్మిదో నెల నుంచి పన్నెండో నెల దాకా మగబిడ్డ సగటు బరువు 8.9 కిలోల నుంచి 9.6 కిలోలకి చేరుతుంది. అంటే నెలకి పావుకిలో కూడా పూర్తిగా పెరగడు. తడిసిన డయపర్ ఒక్కటే రెండొందల గ్రాములు తూగగలదు. దాని మీద ఉన్ని స్వెట్టరు, కాళ్లకి వెండి కడియాలు. చలికాలంలో నెలంతా ఒక్క గ్రాము పెరగని బిడ్డ కూడా కార్డులో చక్కగా పెరిగినట్టు కనిపిస్తాడు. బట్టలు తీయమంటే జలుబు చేస్తుందంటారు, కడియాలు తీయమంటే దిష్టి అంటారు. దిష్టి మీద తల్లితో వాదన పెట్టుకోనక్కర్లేదు. కడియాలు ఉంచేసి, ప్రతి నెలా అవే కడియాలతో తూచి, ఆ సంగతి కార్డు అంచున రాస్తే చాలు. డయపరు విషయంలో మాత్రం మొహమాటపడకూడదు.

తూచాక చుక్క పెట్టి ఊరుకుంటారు చాలామంది. ఆకుపచ్చ పట్టీలో ఉంటే సంతోషం, పసుపులో ఉంటే దిగులు. నేనైతే రంగు కన్నా చుక్కల్ని కలిపే గీతనే చూడమంటాను. పసుపులోనే ఉన్నా గీతలకి సమాంతరంగా పైకి పోతున్న బిడ్డ కన్నా, ఆకుపచ్చలో ఉండి మూడు నెలలుగా గీత చదునుగా సాగిన బిడ్డ గురించే ముందు కంగారుపడాలి. నైజీరియా పల్లెల్లో పనిచేసిన బ్రిటిష్ పిల్లల డాక్టరు డేవిడ్ మోర్లీ ఇలాంటి కార్డుకి రూపమిచ్చినప్పుడు, అది తల్లి దగ్గరే ఉండాలని పట్టుబట్టాడు. గీత కిందికి వంగితే ఆమెకే ముందు తెలియాలి కదా. మన కార్డు కూడా తల్లి దగ్గరే ఉంటుంది, బియ్యం డబ్బాలోనో రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లోనో. తీసి చూపించమంటే చుక్కలుంటాయి గానీ, గీత గీసి ఉన్న కార్డు నాకు అరుదుగా కనిపించింది.

ఇక అడగడం. "సోషల్ స్మైల్ ఎప్పుడొచ్చిందమ్మా?" అని విద్యార్థి అడుగుతుంది, తల్లి బిత్తరపోతుంది. మన ఇళ్లలో బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు పంచే వాడుక ఉంది. అన్ని కులాల్లో, అన్ని మతాల్లో లేదు, ఉన్నచోటా చేతిలో డబ్బులేకపోతే మానేస్తారు. కానీ ఉన్న ఇంట్లో "బొబ్బట్లు ఎప్పుడు చేశారు?" అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. "మా ఆడపడుచు పెళ్లికి ముందు సిస్టర్, ఆవిడే చేసింది." పెళ్లి తేదీ అందరికీ గుర్తుంటుంది. వాడుక లేని ఇంట్లో పండగలున్నాయి. రంజాన్‌కి ముందా తర్వాతా, క్రిస్మస్‌కి కూర్చుంటున్నాడా అని అడగొచ్చు. నెలల లెక్క వేసుకునే పని మనది. సంక్రాంతికి పుట్టిన బిడ్డ అసలు ఉగాదికి పుట్టాల్సినవాడైతే ఆ రెండు నెలలూ తీసేసి చూడాలి. రెండేళ్లు నిండేదాకా అదే పద్ధతి. నెలలు నిండకుండా పుట్టాడని తల్లి తనంతట చెప్పకపోవచ్చు, అడగాలి.

పెద్దవాళ్లు మురిసిపోతూ చెప్పే మాటల్ని కూడా చెవిన వేసుకోవాలి. "అచ్చం వాళ్ల తాతే, ఎడమచేతి వాటం!" అంటుంది నాయనమ్మ, ఏడు నెలల పాపని చూపించి. ఏడాది లోపు బిడ్డకి ఇంకా వాటం ఏర్పడదు, రెండు చేతులూ చాచాలి. ఎప్పుడూ ఒక్క చెయ్యే చాస్తోందంటే రెండో చేతిలో బలం ఉందో లేదో డాక్టరుకి చూపించాలి. దీనికి వ్యతిరేకమైన కేసూ ఉంది. నిన్నటిదాకా ఎవరు పిలిచినా వెళ్లిన బిడ్డ ఎనిమిదో నెలలో కొత్త ముఖం చూస్తే గుక్కపట్టి ఏడుస్తాడు. ఇంట్లో మిరపకాయలు దిగదుడుస్తారు. నిజానికి తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో వాడికి తెలిసొచ్చిందన్నమాట, సంతోషించాల్సిన విషయం.

ఏడుపు మాట వచ్చింది కనుక ఇంకొకటి. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన లండన్‌లో ఆపరేషన్ కోసం చేరిన లారా అనే రెండున్నరేళ్ల పాపని, ఆమె ఆసుపత్రిలో ఉన్న ఎనిమిది రోజులూ చిత్రీకరించాడు. ఆ సినిమా 1952లో వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ తల్లిదండ్రుల్ని వార్డులో ఉండనిచ్చేవాళ్లు కాదు. పాప పెద్దగా అల్లరి చేయదు, గుడ్లనీళ్లు కుక్కుకుంటుంది, అమ్మ వచ్చాక వెంటనే దగ్గరికి వెళ్లదు. నర్సులకి ఆమె మంచి పిల్ల, చెప్పినమాట వినే పిల్ల. ఆ నెమ్మది వెనక నిరాశ ఉందని రాబర్ట్‌సన్ చూపిస్తే మొదట వైద్యులే కోప్పడ్డారు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ నివేదిక వచ్చి, తల్లిదండ్రుల్ని రానివ్వాలని చెప్పింది. మన సర్కారు వార్డుల్లో తల్లి మంచం పక్కనే ఉంటుంది, ఆ పుణ్యం మనకుంది. ఐసీయూలో లేదు. అక్కడ మూడో రోజుకి ఏడుపు మానేసిన పిల్లని చూసి "గుడ్ గర్ల్, అస్సలు సతాయించదు" అనే సిస్టర్లు మనకీ ఉన్నారు.

రాబర్ట్‌సన్ చూసింది ఒక్క పాపని. ఫ్రాన్స్‌లో మోంబేయార్ అనే ప్రభువు 1759లో పుట్టిన తన కొడుకుని సుమారు ఆరు నెలలకోసారి చొప్పున పద్దెనిమిదేళ్లు కొలిచాడు. తొలి ఏళ్లలో జోరుగా సాగే ఎదుగుదల నెమ్మదించి, యవ్వనంలో మళ్లీ ఎలా అందుకుంటుందో ఆ ఒక్క కుర్రాడి కొలతల్లోనే కనిపిస్తుంది. మన విద్యార్థులు వల్లె వేసే మనస్తత్వవేత్త పియాజే తన ముగ్గురు బిడ్డల పక్కన కూర్చుని, దుప్పటి కింద బొమ్మ దాచి, వాళ్లేం చేస్తారో రాసుకున్నాడు. ఈ సిద్ధాంతాలన్నీ ఏళ్ల తరబడి ఎవరో ఒక బిడ్డని చూస్తూ కూర్చుంటే వచ్చినవి. మనం మాత్రం వాటిని ఒక్క బిడ్డనీ చూడకుండా చదివిస్తున్నాం. వార్డు పోస్టింగులో విద్యార్థికి కనిపించే బిడ్డ నాలుగు రోజుల్లో డిశ్చార్జి అయిపోతాడు, అదీ జ్వరంతో ఉన్నప్పుడు మాత్రమే కనిపిస్తాడు.

అందుకే నేను అడిగేది, ప్రతి విద్యార్థికీ ఒక బిడ్డ. కాలేజీలో చేరిన ఏడాదే దగ్గర్లోని అంగన్‌వాడీలో అప్పుడే పుట్టిన ఒక పాపనో బాబునో అప్పగించి, కోర్సు అయ్యేదాకా నెలకోసారి చూడమనాలి. తల్లి ఒప్పుకుంటేనే. వద్దంటే ఇంకో ఇల్లు. తూచాలి, కొలవాలి, గీత గీయాలి, నేల మీద పడ్డ మరమరాన్ని బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏ నెలలో తీశాడో రాసుకోవాలి. ట్యూటర్లు తక్కువ, సీట్లు ఎక్కువ అని ప్రిన్సిపాళ్లు అంటారు, నిజమే. కానీ అంగన్‌వాడీ తూకం రోజున అక్కడెవరున్నారో ఒకసారి చూడండి. టీచరు ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో పోషణ్ ట్రాకర్ యాప్ ఉన్న ఫోన్‌ని పట్టుకుని ఉంటుంది, ఆయా పొయ్యి దగ్గర. పొడవు కొలవాలంటే కావాల్సిన రెండో మనిషి ఎప్పుడూ ఉండదు. ఆ రెండో మనిషి మన విద్యార్థి కావచ్చు.

మధ్యలో కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోతే మార్కులెలా వేస్తారని ఒక లెక్చరర్ నన్ను అడిగారు. గీత ఏ నెలలో తెగిందో, ఎందుకు తెగిందో రాసిన అమ్మాయికి పూర్తి మార్కులివ్వండన్నాను. ఇటుక బట్టీకి వెళ్లిన తల్లి కార్డు వెంట తీసుకెళ్లిందా అని కనుక్కుని, అక్కడి అంగన్‌వాడీ టీచరు నంబరు సంపాదించి ఫోన్ చేసిన అమ్మాయికైతే, నా చేతిలో ఉంటే, రాత పరీక్షే మాఫీ చేసేదాన్ని.