తడ దాటితే పరాయిదేశమే

తిరుపతిలో బస్సుల వెనక, నాయుడుపేటలో గోడల మీద, పేపరు మొదటి పేజీలో అన్నీ విదేశీ చదువుల ప్రకటనలే. ఎమ్మెస్, డేటా సైన్స్, ఎంబీఏ. ఎస్ఓపీ రాసిపెడతాం, లోన్ ఇప్పిస్తాం, వీసా మా పూచీ. ఈ జోరు ఫలితం కూడా కనిపిస్తూనే ఉంది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా లెక్కలు, కంప్యూటర్ల బాపతే.

ఈ ప్రకటనల్లో ఎన్నడూ కనపడని పీజీ ఒకటుంది: ఆదివాసీ అధ్యయనాలు. కెనడాలో పీటర్‌బరో ఊళ్లోని ట్రెంట్ విశ్వవిద్యాలయం 1969లోనే దీన్ని బోధనాంశంగా పెట్టింది. నార్వేలో, ఆర్కిటిక్ వలయం లోపల, అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల గడ్డ మీద ఉన్న ట్రోమ్సో విశ్వవిద్యాలయం రెండేళ్ల మాస్టర్స్‌ను ఇంగ్లీషులో నడుపుతోంది. అక్కడ ఆదివాసీ కుటుంబాల పిల్లలు తమ జాతి గురించి తామే పరిశోధన చేస్తారు. భూమి ఎలా పోయింది, బడిలో ఏం జరిగింది, చట్టం ఎవరి మాట విన్నది అన్నవి వాళ్ల పాఠాలు. కన్సల్టెన్సీల వాళ్లకు ఇందులో గిట్టేది ఏమీ ఉండదు కాబట్టి వాళ్లను అనడానికి లేదు. అడగాల్సింది ప్రభుత్వాలను.

ట్రెంట్‌లో ఆ చదువు మొదలైన 1969లోనే, మన రాష్ట్రం కొసన, తమిళనాడు సరిహద్దులో ఉన్న తడకు తూర్పున పులికాట్ సరస్సు అవతలి గట్టున ఉన్న శ్రీహరికోటను రాకెట్ల కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలిసారి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ దీవి అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఏరుకుని, వాగుల్లో చేపలు పట్టుకుని బతికిన గిరిజనులు, యానాదులు, ఇవతలికి రావాల్సి వచ్చింది. ప్రయోగం జరిగినప్పుడల్లా టీవీలు శ్రీహరికోట పేరు జపిస్తాయి. అక్కడ మొదట ఎవరుండేవారో చెప్పడానికి అర నిమిషం కూడా దొరకదు.

యానాదుల గురించి రాసినవాళ్లు లేకపోలేదు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో వాళ్లకు చోటుంది. నెల్లూరు జిల్లా స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా వాళ్ల కోసం తిరిగి, 1962లో వాళ్ల మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వేశారు. మంచి యానాదులు, చల్లా యానాదులు, రెడ్డి యానాదులు, అడవి యానాదులు అంటూ శాఖలన్నీ లెక్కకెక్కాయి. రాసిన ఈ ఇద్దరూ యానాదులు కారు.

ఉత్తరాన చెంచులదీ, గోండులదీ అదే కథ. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని నిజాం రాజ్యంలో చిక్కుకుపోయి, 1943లో చెంచుల మీద, ఆ తర్వాత కొండరెడ్ల మీద, గోండుల మీద పుస్తకాలు తెచ్చాడు. ఆయన చేసిన మేలును తక్కువ చేయనక్కర్లేదు. గోండులకు భూమి పట్టాలు రావడంలో, మార్లవాయి అనే ఊళ్లో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలవడంలో ఆయన చేయి ఉంది. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉంది. అయితే వియన్నాలో చదివినవాడివి, నీకు మా చెంచులతో ఏం పని అని ఆయన్ను ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు ఆపుతున్నారు, అదీ మనవాళ్లనే. దళిత విద్యార్థులకూ, సంచార, విముక్త జాతుల వాళ్లకూ కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022 ఫిబ్రవరిలో సవరించారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధన చేస్తామనేవాళ్లకు ఆ డబ్బు రాదు. మన గురించి చదవడానికి విదేశం దాకా దేనికన్నది అధికారుల వాదన. అంబేద్కర్ కొలంబియాలో కూర్చుని 1916లో భారతీయ కులాల మీద పత్రం చదివాడన్న సంగతి ఆ ఫైలు మీద సంతకం పెట్టినవారికి గుర్తు రాలేదు కాబోలు.

గిరిజనులకు వేరే శాఖ, వేరే పథకం. దేశం మొత్తానికి ఏటా 20 మందికి. 2011 జనగణన ప్రకారం గిరిజనులు 10.43 కోట్లు. భాగిస్తే 52 లక్షల మందికి ఒక సీటు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు 27 లక్షల పైచిలుకు, అంటే మన వాటా అర సీటు!

పోనీ, తడ యానాది కాలనీలో డిగ్రీ పాసైన ఓ పిల్లకు ఆ అర సీటు దక్కలేదనుకుందాం. 2022లో రాష్ట్రం తెచ్చిన విదేశీ విద్యా పథకం ప్రపంచ విశ్వవిద్యాలయాల క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 200 విశ్వవిద్యాలయాలకే అంది. ట్రెంట్ అందులో లేదు, ట్రోమ్సో లేదు. ట్రోమ్సోలో ఫీజు లేదు కదా అని ఆశపడితే, 2023 శరదృతువు నుంచి నార్వే ఐరోపా బయటి విద్యార్థులకు ఫీజు పెట్టేసింది. కెనడా 2024 జనవరి నుంచి ఖాతాలో చూపించాల్సిన సొమ్మును 10,000 డాలర్ల నుంచి 20,635కి పెంచింది. బ్యాంకుకు వెళితే ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి తాకట్టు ఏం పెడతావంటారు. పులికాట్‌లో చేపలు పట్టే ఇంట్లో ఏముంటుంది తాకట్టుకు?

ఇక్కడే చదువుకోవచ్చు కదా అనేవాళ్లకు ఓ మాట. 2014 విభజన చట్టం మాట ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో 2019లో తాత్కాలిక వసతిలో మొదలైంది. సొంత భవనాలకు శంకుస్థాపన 2023 ఆగస్టులో. అదీ విజయనగరంలో. తడ రాష్ట్రానికి ఈ కొస.

దగ్గర్లో మద్రాసు ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ విభాగం 1945 నుంచీ ఉంది. తడలో లోకల్ రైలెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. కానీ తర్వాతి స్టేషన్ ఆరంబాక్కం రాగానే ఆ పిల్ల గిరిజనురాలు కాకుండా పోతుంది! తమిళనాడు గిరిజనుల జాబితాలో యానాది పేరు లేదు. ఒక రాష్ట్రపు ఎస్టీ హోదా మరో రాష్ట్రంలో చెల్లదని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చేసింది. బొంబాయి మెడికల్ కాలేజీ సీటు కోసం ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కుర్రాడే. విదేశీ విద్యార్థి అనిపించుకోవడానికి యానాది పిల్ల ట్రోమ్సో దాకా పోనక్కర్లేదు.

సరిహద్దుకు ఆవల ఇరుళర్లున్నారు. యానాదుల్లాగే ఎలుకల బొరియలూ పాముల జాడలూ తెలిసినవాళ్లు. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లను 2017లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పిలిపించుకుంది, అక్కడి చిత్తడి నేలల్లో పెరిగిపోయిన కొండచిలువలను పట్టడానికి. రెండు వారాలు తిరక్కుండానే 13 పట్టించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. దీని వెనక 1978 నుంచీ చెన్నై పక్కన పాము విషం సేకరించి అమ్ముతున్న ఇరుళర్ల సహకార సంఘం ఉంది. ఇవతల యానాదులకు అలాంటి సంఘం ఒక్కటి నిలబెట్టడం మన ప్రభుత్వాలకు ఇన్నేళ్లలో తట్టలేదు. పులికాట్‌కు వచ్చే పక్షుల పేరిట సూళ్లూరుపేటలో చేసే ఫ్లెమింగో పండగకు మాత్రం వేదికలు, సినిమా పాటలు, నాయకుల ఫ్లెక్సీలు. ఆ పక్షులు ఏ నెలలో, ఏ నీటి లోతుకు దిగుతాయో చూసి చెప్పగల యానాది పెద్దలకు ఆ వేదిక మీద కుర్చీ వేయడానికి స్కాలర్‌షిప్ అక్కర్లేదు, క్యూఎస్ ర్యాంకూ అక్కర్లేదు.