హరారే అవ్వల బల్ల

జింబాబ్వే రాజధాని హరారేలో ప్రభుత్వ క్లినిక్కుల ఆవరణలో చెక్క బల్లలు ఉంటాయి. బల్ల మీద ఒక పక్కన ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే అవ్వ, పక్కనే బతుకు బరువు మోయలేక వచ్చిన మనిషి కూర్చుంటారు. అక్కడ మానసిక వైద్యులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారిలో ఒకరైన డిక్సన్ చిబాండా దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి, బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేకపోయి ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2006లో ఆయన ఎంబారే పేటలో 14 మంది అవ్వలతో ఈ పని మొదలుపెట్టారు.

పద్ధతి ఇదీ. ముందు అవును, కాదు అని జవాబిచ్చే 14 ప్రశ్నలు. ఆత్మహత్య ఆలోచనలున్నవారిని పై వైద్యానికి పంపుతారు. మిగిలినవారు అద్దె బాకీ, పోయిన ఉద్యోగం, పిల్లల ఫీజు, ఇంట్లో జబ్బు, అన్నీ చెప్పుకుంటారు. అవ్వ అంతా విని, ముందు దేన్ని పట్టుకుందామని అడుగుతుంది. ఆ ఒక్కదానికి ఈ వారం ఏం చేయగలరో వాళ్లచేతే చెప్పిస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఏమైందో కనుక్కుంటుంది. 24 క్లినిక్కుల్లో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు బల్ల దగ్గరికి వచ్చినవారిలో 14 శాతం మందికి, మామూలు వైద్యానికే వెళ్లినవారిలో 50 శాతం మందికి మిగిలాయి.

మన దగ్గర 2015–16 జాతీయ సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవారిలో 80 శాతానికి పైగా మందికి వైద్యం అందలేదు. 2022 నుంచి మానసిక సహాయం కోసం 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఇది మంచి ఏర్పాటే. కానీ కిస్తీ కట్టాల్సిన, తల్లికి డయాలసిస్ చేయించాల్సిన ఆటో డ్రైవరుకు ఆ నంబరు చెప్పేదెవరు? చుట్టూ ఉన్నవాళ్లం వినకముందే సలహా ఇస్తాం, లేదా అన్నీ సర్దుకుంటాయిలే అంటాం. ప్రేమతోనే అంటాం. దాంతో ఆయన నోరు మూసుకుంటాడు.

హరారేలో కొత్త ఉద్యోగాలేమీ సృష్టించలేదు. అప్పటికే నగర ఆరోగ్య శాఖలో ఉన్న కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, పైనుంచి పర్యవేక్షణ పెట్టారు. మనకు ఆశా కార్యకర్తలున్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి. అయితే ఆశాల నెత్తిన ఇప్పటికే ఉన్న పనులకు తోడు ఇదీ ఊరకే పెడితే నడవదు. దీనికి విడిగా డబ్బివ్వాలి, వాళ్ల గోడు వినేవాళ్లనూ పెట్టాలి.

ఇంకొకటి. హరారే పరీక్షలో పాల్గొన్నవారిలో 86 శాతం మంది ఆడవాళ్లే. పగటిపూట క్లినిక్కు ఆవరణకు మగవాళ్లు తక్కువ వస్తారు, ఇక్కడా అంతే. కాబట్టి మన బల్ల వేయాల్సింది ఆసుపత్రి దగ్గరే కాదు, ఆటో స్టాండులో, కూలీల అడ్డాలో కూడా, పని ముగిశాక సాయంత్రం పూట.