ఫుడ్ ట్రక్‌కి పేపర్లన్నీ ఉన్నా.. నిలబెట్టే చోటేది? అసలు రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

సాయంత్రం ఏడు దాటితే చాలు.. గచ్చిబౌలి, మాదాపూర్ రోడ్ల పక్కన ఫుడ్ ట్రక్కుల లైట్లు వెలుగుతాయి. ఒక బండి దగ్గర మండీ, ఇంకో బండి దగ్గర మోమోలు, ఆ పక్కనే నెయ్యి కారం దోశ. మెడలో ఐడీ కార్డులు తీయకుండానే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు లైన్ కట్టేస్తారు. గిరాకీ ఊపందుకున్న టైమ్‌లో ట్రాఫిక్ పోలీసుల క్రేన్ వస్తోందని పక్క జంక్షన్ నుంచి ఫోన్ వస్తుంది. అంతే.. పొయ్యి ఆర్పెయ్, షట్టర్ దించెయ్, బండి స్టార్ట్ చెయ్! తినేవాళ్లు ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీద మిగిలిపోతారు.

లైసెన్స్ లేకుండా నడుపుతున్నాడు కాబట్టే పారిపోతున్నాడు అనుకుంటే పొరపాటే. చాలా బండ్లలో ఫైలు నిండా కాగితాలే ఉంటాయి. వండి అమ్మడానికి అనుమతి ఉంటుంది. బండి రోడ్డెక్కడానికి అనుమతి ఉంటుంది. లేనిదల్లా ఆ బండిని ఫలానా చోట ఆపి అమ్ముకోవచ్చని చెప్పే కాగితం. ఫుడ్ ట్రక్కుల గొడవంతా ఆ ఒక్క కాగితం చుట్టూనే తిరుగుతోంది.

కుమారి ఆంటీ విషయంలో ఏం తేలింది?

2024 జనవరి 30 గుర్తుందా? మాదాపూర్‌లో కుమారి ఆంటీ ఫుడ్ స్టాల్ వల్ల ట్రాఫిక్ జామ్ అవుతోందంటూ పోలీసులు కేసు పెట్టారు, స్టాల్ తీసేయమన్నారు. సోషల్ మీడియాలో రచ్చ రచ్చ అయింది. మర్నాడే సీఎం రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నారు. పాత చోటే ఆమె వ్యాపారం చేసుకోవచ్చని, పోలీసులు తమ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించాలని ఆదేశాలు వెళ్లాయి. జనం చప్పట్లు కొట్టారు.

అయితే చప్పట్ల మధ్యలో అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ రోడ్డు మీద బండి పెట్టుకోవచ్చా, పెట్టుకోకూడదా? ట్రాఫిక్ ఆగిపోయిందన్న పోలీసుల మాట అబద్ధం కాదు. అది ఆమె బతుకుదెరువన్న మాటా అబద్ధం కాదు. ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పాల్సింది రూల్ బుక్. చెప్పింది మాత్రం ముఖ్యమంత్రి. ఆమెకు మంచే జరిగింది. మరి యూట్యూబ్‌లో వైరల్ కాని బండ్లవాళ్ల సంగతి? వాళ్ల కోసం సీఎంవో నుంచి ఫోన్ రాదు కదా.

ఏ ఆఫీసులో ఏ కాగితం?

ముందు ఫుడ్ సేఫ్టీ సంగతి. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ తప్పనిసరి. 2011 నిబంధనలు వచ్చినప్పుడు ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, దాటితే లైసెన్స్ అని గీత గీశారు. 14 అంకెల ఆ నంబర్ కస్టమర్‌కి కనిపించేలా పెట్టాలి. నాలుగు అడ్డంకుల్లో కాస్త సులువుగా దాటేది ఇదే, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే.

రెండోది ఆర్టీఏ. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక టాటా ఏస్ కొని, వెల్డింగ్ షాపులో పక్క డోర్ కోయించి, లోపల పొయ్యి, సింక్, ఫ్రిజ్ బిగించేస్తే అది చట్టం దృష్టిలో ఫుడ్ ట్రక్ అయిపోదు. ఆర్‌సీలో ఉన్న వివరాలకూ రోడ్డు మీదున్న బండికీ తేడా వస్తే మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని ఇష్టానికి మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. తమాషా ఏంటంటే.. కేంద్రం 2004లో నోటిఫై చేసిన వాహన రకాల జాబితాలో 'మొబైల్ క్యాంటీన్' అని ఒకటి ఉంది. ట్రాన్స్‌పోర్ట్ వాహనాల్లో అదొక రకం. అంటే రవాణా శాఖకి ఫుడ్ ట్రక్ అంటే ఏంటో ఇరవై ఏళ్ల కిందటే తెలుసు. దాన్ని ఆ పేరుతో రిజిస్టర్ చేయించుకుని, ఫిట్‌నెస్ తెచ్చుకుంటే బండి వరకు బెంగ లేదు.

గ్యాస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌తో వ్యాపారం చేయకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి. ఈ ఒక్క తప్పుతోనే చాలామంది దొరికిపోతుంటారు.

ఇక మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్. షాపు అడ్రస్ ఎక్కడ, విస్తీర్ణం ఎంత, ముందున్న రోడ్డు వెడల్పు ఎంత అన్న లెక్కల మీదే ఈ లైసెన్స్, దాని ఫీజు నడుస్తాయి. చక్రాల మీద తిరిగే బండికి అడ్రస్ ఏం రాయాలి? ఇంటి అడ్రస్ రాస్తే ఇంటి దగ్గరే అమ్ముకోమంటారు. రోడ్డు పేరు రాస్తే అది ప్రభుత్వ స్థలం. అప్లికేషన్ ఫారంలోనే దారి మూసుకుపోతోంది.

వీధి వ్యాపారుల చట్టం కాపాడదా?

కాపాడాలి. 2014 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ కేంద్ర చట్టం చాలా బలమైనది. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఐదేళ్లకోసారి సర్వే చేయాలి. జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తిరుగుతూ అమ్మే 'మొబైల్ వెండర్' అన్న నిర్వచనం కూడా ఇందులో ఉంది.

మరి ఫుడ్ ట్రక్ ఓనర్‌కి ఇది ఎందుకు అక్కరకు రావడం లేదు? సర్టిఫికెట్ కావాలంటే సెక్షన్ 5 ప్రకారం ఒక హామీ ఇవ్వాలి. తనకు వేరే జీవనాధారం లేదని, వ్యాపారం తానే స్వయంగా గానీ, కుటుంబ సభ్యులతో గానీ చేస్తానని, సర్టిఫికెట్‌ని అద్దెకివ్వనని రాసివ్వాలి. మిర్చి బజ్జీల బండి నడిపే భార్యాభర్తలకు ఇది సరిగ్గా సరిపోతుంది. బ్యాంకు లోన్ తీసుకుని ట్రక్ కొని, ఒక వంటమాస్టర్‌ని, ఇద్దరు హెల్పర్లని పెట్టుకున్న వ్యక్తికి సరిపోదు. పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి బండి నడిపేవాడికి అసలే కుదరదు. తోపుడు బండి కన్నా పెద్ద, హోటల్ కన్నా చిన్న.. ఈ మధ్య సైజు కోసం మన చట్టాల్లో గడి లేదు.

గడిలో పడినవాళ్లకైనా చోటు దొరుకుతోందా అంటే అదీ అంతంతమాత్రమే. జీహెచ్ఎంసీ గతంలో గ్రీన్, అంబర్, రెడ్ జోన్లంటూ రోడ్లను విడగొట్టింది, గుర్తింపు కార్డులూ ఇచ్చింది. ఐటీ కారిడార్‌లో ఏ బోర్డు చూసి బండి ఆపాలో ఈరోజు ఒక కొత్త ఓనర్‌ని అడిగి చూస్తే తెలుస్తుంది పరిస్థితి. చోటు మీద హక్కు విషయంలో సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో ఒక గీత గీసింది. వీధిలో వ్యాపారం చేసుకోవడం ప్రాథమిక హక్కే, కానీ ఫలానా చోటే కావాలనడం హక్కు కాదు అని. సరే, ఫలానా చోటు హక్కు కాదు. ఏదో ఒక చోటు చూపించాల్సింది మాత్రం స్థానిక సంస్థే.

కస్టమర్ ప్రాణం కూడా లెక్కలోనే

ఇక్కడ ట్రక్కుల వైపు మాత్రమే మాట్లాడితే సగం కథే అవుతుంది. 2024 అక్టోబర్‌లో బంజారాహిల్స్ నందినగర్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. అమ్మినవాళ్లకు ఫుడ్ లైసెన్సే లేదని అధికారులు తేల్చారు. ఆ వెంటనే పచ్చి గుడ్లతో చేసే మయోనీస్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది.

అడ్రస్ లేని బండితో అసలు ప్రమాదం ఇదే. ఈరోజు ఇక్కడ, రేపు ఇంకెక్కడో ఉంటే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఎవరిని పట్టుకుంటాడు? తినేసి పడిపోయినవాడు ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? బండికి ఒక చోటు రాసివ్వడం ఓనర్‌కి చేసే ఉపకారంలా కనిపిస్తుంది గానీ, కస్టమర్‌కి ఇంకా ఎక్కువ అవసరం. క్రేన్‌కి భయపడి పరుగెత్తే బండిలో శుభ్రత ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. గిన్నెలు కడిగిన నీళ్లు పోయేది కూడా దగ్గర్లోని నాలాలోకే.

షికాగోలో అడుగుల లెక్క

అమెరికాలో దోశ, బిర్యానీ ట్రక్కులు నడిపే మనవాళ్లు కూడా ఉన్నారు. అక్కడేదో స్వర్గం అనుకోవద్దు. షికాగోలో హోటల్ గుమ్మానికి 200 అడుగుల లోపు ఫుడ్ ట్రక్ ఆపకూడదు, ఒకచోట రెండు గంటలకు మించి ఉండకూడదు, బండికి జీపీఎస్ ఉండాల్సిందే. ఇది హోటళ్లవాళ్లను కాపాడటానికే అని ట్రక్ ఓనర్లు కోర్టుకెళ్లారు. 2019లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు నగరం వైపే తీర్పు ఇచ్చింది. న్యాయమా అంటే వాదించుకోవచ్చు. కానీ ఆ ఊళ్లో బండి ఓనర్‌కి ఎన్ని అడుగుల అవతల ఆపాలో ముందే తెలుసు. టేపు పెట్టి కొలుచుకోవచ్చు, పోలీసుకి చూపించి వాదించొచ్చు. మన దగ్గర కొలవడానికి ఆ టేపే లేదు. ఎస్సై మారితే దూరం మారిపోతుంది, మామూళ్లకి తలుపు తెరుచుకునేదీ అక్కడే.

న్యూయార్క్ ఇంకో పాఠం. 1983లో పర్మిట్ల సంఖ్యకు పరిమితి పెట్టేశారు. దాంతో కొన్ని వందల డాలర్ల పర్మిట్‌ని బ్లాక్‌లో వేల డాలర్లకు అద్దెకిచ్చే దందా పుట్టింది. చివరికి 2021లో చట్టం మార్చి, పదేళ్ల పాటు ఏటా 445 కొత్త లైసెన్సులు ఇస్తామన్నారు. ఆ లైసెన్స్ ఉన్న మనిషి బండి దగ్గర ఉండాల్సిందేనన్న షరతూ పెట్టారు. హైదరాబాద్ రేపు ఫుడ్ ట్రక్కులకు రూల్స్ రాస్తే, ఇన్ని బండ్లే అని సంఖ్య బిగించేయడం కన్నా ఏ రోడ్డులో ఏ టైమ్‌కి అని రాయడమే మేలు. ఆఫీసులు మూసేశాక ఐటీ కారిడార్‌లో ఖాళీ అయ్యే పార్కింగ్ స్థలాలు తక్కువేం లేవు.

ఏపీలోనూ రెండు దారులు కనిపిస్తున్నాయి. 2025లో విశాఖలో జీవీఎంసీ 'ఆపరేషన్ లంగ్స్' పేరుతో రోడ్ల పక్కన దుకాణాలను తొలగించింది, పేరున్న నైట్ ఫుడ్ కోర్టు కూడా పోయింది. అదే ఏడాది నెల్లూరులో మైపాడు గేటు దగ్గర కంటైనర్ షాపులతో స్మార్ట్ స్ట్రీట్ బజార్ తెరిచారు. అక్కడ ముందు చోటు వచ్చింది, తర్వాత వ్యాపారి వచ్చాడు.

బండి పట్టుకుంటే ఏం చేయాలి?

వెండింగ్ సర్టిఫికెట్ లేకుండా అమ్మితే 2014 చట్టం ప్రకారం జరిమానా గరిష్ఠంగా 2 వేల రూపాయలు. ఈ చట్టం కింద సరుకు జప్తు చేస్తే లిస్టు రాసి, సంతకం పెట్టి కాపీ ఇవ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో ఫీజు కట్టించుకుని వదిలేయాలి. అయితే ట్రాఫిక్ పోలీసులు బండిని టోయింగ్ చేస్తే అది మోటారు వాహనాల చట్టం కిందకి వెళ్తుంది, ఈ రక్షణలు అక్కడ పనిచేయవు. ట్రక్ ఓనర్లకు ఎక్కువగా తగిలేది ఆ రెండో దెబ్బే.

అందుకే ఇప్పుడు చాలామంది రోడ్డు వదిలేసి ప్రైవేట్ ఖాళీ ప్లాట్లలో చేరిపోతున్నారు. నెలకింత అని అద్దె కట్టి, ఐదారు ట్రక్కులు కలిసి ఒకే చోట నిలబెట్టి 'ఫుడ్ పార్క్' అని బోర్డు పెడుతున్నారు. అక్కడ క్రేన్ భయం లేదు, ఓనర్‌తో రాసుకున్న అగ్రిమెంటే అడ్రస్. చక్రాల కింద ఇటుకలు పెట్టేసి ఉంటాయి. తిరగడానికి కొన్న బండి తిరగడం మానేసింది, అద్దె మాత్రం ప్లేటు బిర్యానీ రేటు మీద పడుతోంది.