వకీలు ముందు అడగాల్సింది కేస్‌ షీటు

ఆపరేషన్‌ వికటించి మనిషి పోయాడు. రోగమేమిటో తేల్చకుండానే వారం గడిచి ప్రాణం మీదికొచ్చింది. ఇలాంటి ఇంటివాళ్లు లాయరు గడప తొక్కేది ముందుగా డబ్బు కోసం కాదు, అసలేం జరిగిందో తెలుసుకోవడానికి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కోర్టుల్లో వైద్య నిర్లక్ష్యం కేసుకు వకాలతు పుచ్చుకునే న్యాయవాదిని కదిలించాల్సిందీ ఆ ప్రశ్నే. పరిహారంలో వాటా మీద ఆశతో కదిలితే ఆ కేసు మొదటిరోజే దారి తప్పినట్టు.

ఫీజు తీసుకోవడం తప్పు కాదు. మందుల చీటీలు, పరీక్షల నివేదికలు, నర్సులు రాసిన నోట్సు చదివి అర్థం చేసుకోవడం కష్టమైన పని, దానికి తగిన ప్రతిఫలం ఉండాలి. కానీ ‘గెలిస్తే నాకింత’ అనే ఒప్పందం కూడదని బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతి బ్రిటన్‌లో చట్టబద్ధం, మన దగ్గర నిషిద్ధం. ఆ నిషేధం మంచిదే. వాటా కోసం చూసే వకీలు పెద్ద మొత్తం వచ్చే కేసునే ఎంచుకుంటాడు. మగ్గం నేసి బతికే ధర్మవరం కుటుంబానికి రెండు లక్షలు న్యాయంగా రావాల్సి ఉన్నా, ఆ కేసు అతని కంటికి ఆనదు.

అలాంటి రెండు లక్షల కేసే ఒకటి దేశానికి దారి చూపింది. 2002లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జ్వరంతో చేరిన మహిళకు టైఫాయిడ్‌ చికిత్స చేశారు. పరిస్థితి విషమించాక ఆమెను మరో ఆసుపత్రికి మార్చారు, ప్రాణం దక్కలేదు. ఆమెకొచ్చింది మలేరియా అని, దానికి వైద్యం చేయలేదని భర్త కిషన్‌రావు ఫిర్యాదు చేశారు. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. తాను మలేరియాకు చికిత్స చేయలేదని డాక్టరే విచారణలో చెప్పారు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షలు ఇమ్మంటే రాష్ట్ర కమిషన్‌ కొట్టేసింది, జాతీయ కమిషన్‌ అదే సరే అంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టి, ప్రతి కేసులోనూ వైద్య నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని తేల్చింది. నిపుణుణ్ని తెచ్చుకునే స్తోమత లేని పేదవాడికి ఇది పెద్ద అండ.

ప్రశాంత్‌ ధనంక పోరాటం ఇంకా సుదీర్ఘం. 1990లో హైదరాబాద్‌ నిమ్స్‌ ఆసుపత్రిలో ఆపరేషన్‌ తర్వాత ఆ ఇంజనీరింగ్‌ విద్యార్థికి నడుము కింద భాగం చచ్చుబడింది. చివరికి సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీ నుంచి తన వాదన తానే వినిపించాడు. 2009 మేలో కోటి రూపాయల పరిహారం వచ్చింది. పంతొమ్మిదేళ్లు!

దీనికి మరో వైపూ ఉంది. డాక్టరును పోలీసు కేసుతో బెదిరించి రాజీ రాబట్టాలనుకునే వకీలు బాధితుడికీ, వైద్యానికీ ద్రోహం చేస్తున్నట్టే. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్‌ కేసు నిలుస్తుందని 2005లో జాకబ్‌ మాథ్యూ తీర్పు చెప్పింది. కాగితాలన్నీ చదివి ‘ఇందులో డాక్టరు తప్పు లేదమ్మా’ అని నిజం చెప్పి పంపే న్యాయవాది కూడా తన బాధ్యత నిర్వర్తించినట్టే.

మన ప్రాంతంలో పెద్ద జబ్బు చేస్తే బెంగళూరు బండెక్కడం మామూలు. అక్కడ అన్యాయం జరిగితే అక్కడికే వెళ్లి పోరాడాలని చాలామంది వదిలేసుకుంటారు. ఆ అవసరం లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుమే లేదు. గడువు రెండేళ్లు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రులకు మాత్రం వినియోగదారుల చట్టం వర్తించదు. ఆ బాధితులకు సివిల్‌ కోర్టు, హైకోర్టులే దిక్కు.

న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టర్లు మాత్రం ఆ చట్టం పరిధిలోనే ఉన్నారు. తనకు లేని జవాబుదారీతనాన్ని ఎదుటి వృత్తి నుంచి కోరుతున్న వకీలు తనమీద తానే కట్టుబాటు పెట్టుకోవాలి. మూడు పట్టణాల బార్‌ అసోసియేషన్లు వాటా బేరాలు చేయబోమని తీర్మానించాలి. న్యాయసేవా కమిటీలు వైద్య రికార్డులు చదవడంలో శిక్షణ పొందిన న్యాయవాదులతో ప్యానెల్‌ వేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవారికి ఉచిత న్యాయసాయం చట్టమిచ్చిన హక్కు, 15100కు ఫోన్‌ చేస్తే చాలు. బాధిత కుటుంబాలు ఆసుపత్రి నుంచి కేస్‌ షీటు నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. దాన్ని చదవకుండానే పరిహారం లెక్క చెప్పే వకీలుకు వకాలతు ఇవ్వొద్దు.