పాట మనది, పైసలెవరికి?

మనం ఏ సభ పెట్టినా ముందు పాట కావాలి. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద పాట చేసిన పని ఏ ఉపన్యాసమూ చేయలేదని గొప్పగా చెప్పుకుంటాం. కానీ అదే పాట ఇంటర్నెట్‌లోకి వచ్చాక పాడినవారికి ముట్టేదెంత అని మాత్రం అడగం.

డబ్లిన్‌లో ఉండి నేను స్పాటిఫైకి నెలకు 10 యూరోలు కడుతున్నాననుకోండి. నెలంతా ఒక్క పాలమూరు జానపద గాయకుడి పాటలే విన్నాననుకోండి. నా డబ్బు ఆయనకు పోతుందా? పోదు. అందరి చందాలూ ఒకే కుప్పగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి పంచుతారు. అంటే నా చందాలో పెద్ద భాగం నేను ఒక్కసారీ వినని వాళ్లకు చేరుతుంది. పైగా 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీయే లేదు. చిన్న కళాకారుడి చిల్లర కూడా పెద్దవాళ్ల కుప్పలోకే!

వేరే దారి లేదా? సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా చెబుతున్నాను, ఎవరు ఏ పాట ఎన్నిసార్లు విన్నారో సర్వర్‌లో ఉన్నదే. నా డబ్బు నేను విన్నవారికే పంచడం కష్టమైన లెక్క కాదు. స్వతంత్ర కళాకారుల కోసం సౌండ్‌క్లౌడ్ 2021లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది.

ఇక నేరుగా కొనడం. బ్యాండ్‌క్యాంప్‌లో 5 యూరోల ఆల్బమ్ కొంటే కంపెనీ వాటా 15 శాతం, అంటే 75 సెంట్లు. చెల్లింపు ఖర్చులు పోను మిగతాది కళాకారుడిదే.

"పల్లెలో వినేవాళ్లు యూరోలెక్కడ తెస్తారు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కనీస ధర తక్కువ పెట్టి, ఆపైన ఎంతైనా ఇచ్చే వీలుండాలి. బ్యాండ్‌క్యాంప్‌లో ఆ వీలు ఉంది. ఆ 'ఆపైన' ఇవ్వాల్సింది యూరోల్లో సంపాదిస్తున్న మనమే.

ఐర్లాండ్ ప్రభుత్వం 2022లో ప్రయోగాత్మకంగా 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. కళ కూడా పనేనని, పనికి బత్తెం ఉండాలని ఒప్పుకుంది. ఇక్కడి పథకం మన ఊళ్ల పాటగాళ్లకు వర్తించదు. ఆ బాధ్యత వినేవాళ్లదే.

బతుకమ్మ సంబరాలకు హాలుకు అద్దె కడతాం, సౌండ్ సిస్టమ్‌కు అద్దె కడతాం. స్పీకర్లో మోగే పాటను మాత్రం ఉచితంగా దింపుకుంటాం. ఈసారి ఖర్చుల పద్దులో పాటకూ ఒక గీత గీద్దాం. పాడినవారి దగ్గరే కొందాం.