తాళంచెవి యెవరి దగ్గర?

మన యానాం చిన్న పట్నం. మొత్తం విస్తీర్ణం ముప్ఫై చదరపు కిలోమీటర్లే. 2002లో యెదుర్లంక వంతెన వచ్చాక గౌతమి దాటడానికి పడవ కోసం కాచుకునే బాధ కూడా తప్పింది. ఆసుపత్రి యెంత దూరమని అడిగితే, యిదిగో యిక్కడే అంటాం. కాని యంత్రంలో చెయ్యిపడిన మనిషికి ఆ దూరాన్ని మైళ్లతో కొలవకూడదు. నిమిషాలతో కొలవాలి.

మనకు దగ్గరలోనే గాడిమొగ తీరానికి 2009 ఏప్రిల్ నుంచి సముద్రగర్భపు గ్యాసు వస్తున్నది. నడిసముద్రంలో బావి తవ్వే రిగ్గు మీద యెవరికైనా గుండెనొప్పి వస్తే హెలికాప్టరే అంబులెన్సు. గాలివాన పట్టిందా, అదీ లేవదు. అందుకే అటువంటి చోట వైద్యుడో, పారామెడిక్కో పనివాళ్లతోబాటే కాపురముంటాడు. అతనికి అక్కడ ఆపరేషను గది వుండదు. ఆసుపత్రి చేరేదాకా ప్రాణం జారిపోకుండా పట్టుకోవడమే అతని విద్య.

ఆ విద్య నేలమీది కర్మాగారాలకు అక్కర్లేదా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 150 మందికొక మందుల పెట్టె వుండాలన్నది. దాన్ని చూసుకునే మనిషికి ప్రథమచికిత్సలో సర్టిఫికెట్టు వుండాలనీ, అతను పనివేళలంతా అందుబాటులో వుండాలనీ అన్నది. పనివాళ్లు 500 దాటితే అంబులెన్సు గది. 1952 నాటి గనుల చట్టం 150 మంది దాటిన గనికి ప్రథమచికిత్స గది వుండాలన్నది. 2025 నవంబరులో యీ చట్టాల స్థానంలో కొత్త స్మృతి అమలుకు వచ్చింది. చట్టాలకేం, బాగానే వున్నవి. తనిఖీకి వచ్చినవారు పెట్టెను లెక్కబెడతారు. తాళంచెవి మేనేజరుగారి జేబులోనూ, మేనేజరుగారు కాకినాడలోనూ వుంటే ఆ లెక్క వల్ల యెవరికి లాభం?

నేర్వవలసింది కొండంత కాదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి. కాలినచోట సిరా, నెయ్యి పూయక, చల్లని నీటిధార కింద యిరవై నిమిషాలు వుంచాలి. మూసివున్న తొట్టిలో వొకడు పడిపోతే, వెంటనే దూకిన రెండోవాడూ పడిపోతాడు; ముందు గాలి సంగతి చూడాలి. గుండె ఆగితే రొమ్ము నడుమ నిమిషానికి నూరు, నూటయిరవైసార్లు గట్టిగా నొక్కాలి. వినడానికి సులువే. నలుగురూ కేకలు వేస్తున్నప్పుడు చేతికి రావాలంటే మాత్రం ముందే పదిసార్లు చేసి వుండాలి. గుత్తేదారు నిన్న తెచ్చిన కూలీకి కూడా యిది నేర్పాలి.

మన కోనసీమలో ప్రమాదం కర్మాగారం గోడ లోపలే ఆగుతుందనుకోవడానికీ వీల్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు గొట్టం పేలి, పనివాళ్లు కాదు, యిళ్లలో నిద్రపోతున్న జనం కాలిపోయారు. 108కి ఫోను చెయ్యవలసిందే. బండి వచ్చేలోపు జరగవలసిన పని మాత్రం పక్కనున్నవాడిదే.

కనుక గొట్టం పోయే ప్రతి వూళ్లోనూ, పొగగొట్టం లేచే ప్రతి పేటలోనూ పదిమందికైనా యీ విద్య రావాలి. కంపెనీలు గుడికి రంగులు వేయించడం, బడికి బల్లలు యివ్వడం మంచిదే. వాటితోబాటు వూరికి రెండు రోజుల శిక్షణ యిప్పించమని అడుగుదాం.

ఆ తరువాత మరొక్కమాట అడుగుదాం: పెట్టె తాళంచెవి యెవరి దగ్గర వుంది బాబూ?